హనుమాండ్లు దొర్లించిన బంతి

నాచారంలోని ఓ ప్రైవేటు డిగ్రీ కాలేజీలో హనుమాండ్లు ఇరవై ఆరేళ్లు ఫిజిక్స్ ల్యాబ్ అటెండరు. చదివింది పదో తరగతి. బల్లలు తుడుస్తూనే పాఠాలన్నీ వినేవాడు.

లెక్చరర్ కమలకుమారి ఏటా గెలీలియో గురించి చెప్పేది. పాత గ్రంథాల్లో ఉన్నదే నిజమని అందరూ నమ్మే రోజుల్లో ఆయన వాలుగా పెట్టిన చెక్కలో చెక్కిన గాడి వెంట కంచు బంతిని దొర్లించాడట. సరైన గడియారం లేక, కారిన నీళ్లను తూచి కాలం కొలిచాడట. "ఎవరు చెప్పారన్నది కాదు, చేసి చూస్తే ఏం వచ్చిందన్నదే సైన్సు," అనేది ఆమె.

రెండేళ్ల కిందట ఎండాకాలం సెలవుల్లో హనుమాండ్లు ఆ ప్రయోగం తనే చేశాడు. బంతి దిగిన కాలాన్ని బట్టి గురుత్వ త్వరణం లెక్క కట్టాలి. పిల్లల రికార్డుల్లో ఎప్పుడూ అది పుస్తకంలో ఉన్న 980 దగ్గరే ఉండేది. అతనికి ఏడు వందలు వచ్చింది. వాలు చెక్క మార్చాడు, బంతి మార్చాడు. మూడు రోజులూ అంతే.

ఆ ఏడాది ప్రాక్టికల్ పరీక్షలో మేడిపల్లి నుంచి వచ్చే పూర్ణిమ మెల్లగా అడిగింది. "కాకా, నాకు ఏడు వందల రెండే వస్తుంది. ఏం రాయాలె?"

"నీకేమొచ్చిందో గదే రాయి బిడ్డా."

రాసింది. బయటి నుంచి వచ్చిన ఎగ్జామినర్ ఎర్ర సిరాతో కొట్టేశాడు. పూర్ణిమ ఫెయిలైంది.

హనుమాండ్లు కమలకుమారి దగ్గరికెళ్లాడు. "తప్పు ఆ పిల్లదేనా మేడమ్?"

ఆమె తలుపు దగ్గరగా వేసింది. "కాదు. బంతి కిందికి జారడమే కాదు, తన చుట్టూ తను తిరుగుతుంది కూడా. మన లెక్కలో ఆ తిరగడం లేదు. అలా కడితే ఏడు వందలే రావాలి."

"మీకు ముందుగాలే ఎరుకనా?"

"తెలుసు."

"గా మాట ప్రిన్సిపల్ సార్‌కు చెప్పుండ్రి."

"చెబితే, ఇన్నేళ్లు నేను సంతకం పెట్టినవన్నీ దొంగ రికార్డులని ఒప్పుకోవాలి హనుమాండ్లూ."

తనే వెళ్లి చెప్పాడు. అటెండరు ఫిజిక్స్ చెబుతున్నాడని ప్రిన్సిపల్ నవ్వాడు. సోమవారానికల్లా అతన్ని గేటు దగ్గరికి మార్చారు. కమలకుమారి రోజూ అదే గేటులోంచి, ఫోను చూసుకుంటూ వెళ్లేది. ఆమెను చూసి కుర్చీలోంచి లేవడం అతను మానేశాడు.

సప్లిమెంటరీ ఫలితాలొచ్చాక పూర్ణిమ మెమో తీసుకోవడానికి వచ్చింది.

"పాసైన కాకా. తొమ్మిది వందల డెబ్బై ఎనిమిది రాసిన."

"గంత వచ్చిందా?"

"బంతి ముట్టనే లే," అని ఉప్పల్ బస్సు కోసం గబగబా నడిచింది.