గ్రీకు శవానికి మా ఊరి మన్ను

ప్రాచీన గ్రీకు విషాద నాటకాన్ని గార్లదిన్నె పక్క పల్లెలో ఆడిస్తానని పంతం పట్టింది నేనే. అక్కడి హైస్కూల్లో తెలుగు చెప్పేవాణ్ణి. మా హెడ్మాస్టరు ముందే తేల్చేశాడు: మధ్యలో జనం లేచిపోతే ఇక మా బడిలో నాటకం ఊసెత్తకూడదు, వార్షికోత్సవానికి సినిమా డాన్సులే. సరేనన్నాను. నాకు రోషం ఎక్కువ, ఆలోచన తక్కువ.

కథ చిన్నదే. నగరం మీదికి దండెత్తి వచ్చి ఒకడు చస్తాడు. వాడి మీద మన్ను వేసినవాళ్ళకు చావు తప్పదని రాజు చాటింపు వేయిస్తాడు. చచ్చినవాడి చెల్లెలు వినదు, పోయి మన్ను వేస్తుంది. ఇది మావాళ్ళకు ఎక్కదేమోనని చారిత్రక నేపథ్యం నాలుగు పేజీలు రాసుకున్నాను. ఆ కాలపు నగర రాజ్యాలు, దేవుళ్ళు, పూడ్చని శవం ఆత్మకు పరలోకంలో చోటుండదన్న నమ్మకం, అన్నీ మైకులో చదివాను. వాన రాక శెనక్కాయ విత్తలేదు కాబట్టి మధ్యాహ్నానికే ఊరంతా వచ్చింది గానీ, రెండో పేజీకే ముందు వరస కునుకు తీసింది. నాకు ఒళ్ళు మండిపోయింది.

నాటకం మొదలైంది. సైన్సు సారు శవం, హిందీ సారు రాజు, సోషల్ మేడమ్ చెల్లెలు. స్టేజీ లేదు, బడి ముందరి బయలే రంగస్థలం. మేడమ్ వంగి పిడికెడు మన్ను చల్లిందో లేదో, ముందు వరస లేచింది. వెనకాలే ఊరంతా లేచింది. కొంప మునిగిందనుకున్నాను.

వాళ్ళు గేటు వైపు పోలేదు. వరసగా శవం దగ్గరికి వచ్చారు. మా వైపు హిందువులైనా ముస్లిములైనా, చావుకు పోయినవాళ్ళు పిడికెడు మన్ను వేయకుండా తిరిగిరారు. గ్రీకుల గురించి నాలుగు పేజీలు రాసిన పెద్దమనిషికి ఇది గుర్తు రాలేదు! ఒక్కొక్కరే వంగి మన్ను తీసి సైన్సు సారు మీద వేశారు. ఆయన పాపం ఊపిరి బిగబట్టాడు, ఎనిమిదో మనిషికి తుమ్మాడు. ఎవరూ నవ్వలేదు.

హిందీ సారు కంగారులో తనకు వచ్చిన డైలాగే గట్టిగా చెప్పేశాడు, మన్ను వేసినవాళ్ళకు మరణమేనని. ఒక ముసలవ్వ చేతులు దులుపుకుని ఆయన ముందుకు వచ్చి నిలబడింది.

“ఏమప్పా, ఆ పాప ఒక్కతే ఏమిటికి సావల్ల? మేమంతా ఏసినాం. ఎంతమందిని సంపుతావో సంపు.”

రాజు దిక్కుతోచక హెడ్మాస్టరు వైపు చూశాడు. ఆయన చేతులకూ మన్ను ఉంది.