ఆగడం తెలిసిన కణాలు

డెబ్బైల మొదట్లో పటాన్‌చెరు దగ్గర, బొంబాయి రోడ్డు మీది ఒక మందుల ఫ్యాక్టరీలో నాకు ఉద్యోగం వచ్చింది. మా నాన్న గుంటూరు వైపు నుంచి వచ్చి ఇక్కడి ప్రభుత్వ కర్మాగారంలో ఫిట్టరుగా చేరాడు. జీవరసాయన శాస్త్రంలో నేను చేసిన డాక్టరేటు డాక్టరు చదువో కాదో ఆయనకు చివరిదాకా తేలలేదు.

తెల్ల ఎలుకల క్లోమం నుంచి ఇన్సులిన్ తయారుచేసే కణాల గుంపులను వేరుచేసి, గాజు పళ్లెంలో బతికించడం నా పని. మైక్రోస్కోపు కింద చూస్తూ సన్నని గాజు గొట్టంతో ఒక్కొక్కటే ఏరాలి. మధ్యాహ్నానికి మెడ పట్టేసేది. అలాంటి కణాలను ఎప్పటికైనా చక్కెర జబ్బున్నవాళ్ల ఒంట్లో పెట్టగలమని మా ఆశ.

అదే రోడ్డు మీది పోతిరెడ్డిపల్లిలో ఒక గది కిరాయికి తీసుకున్నాను. ఇల్లుగలావిడ మిషన్ బడిలో టీచరు. భర్త పోయాడు, పిల్లలు లేరు. ఆమెకు చక్కెర జబ్బు. రోజూ పొద్దున గాజు సిరంజి మరిగించి తనే సూది వేసుకునేది. ఫ్రిజ్ లేదు కాబట్టి మందు సీసాను తడి ఇసుక పోసిన కుండలో పెట్టేది.

నా పని ఏమిటో తెలిసినప్పటి నుంచి చూపించమని అడుగుతూ ఉండేది. ఒక ఆదివారం చర్చి అయ్యాక బస్సులో తీసుకెళ్లాను. మైక్రోస్కోపులో చాలాసేపు చూసింది.

“గివేనా బిడ్డా? నా ఒంట్ల గివే సచ్చిపోయినయా?”

“చాలావరకు, టీచరమ్మా.”

“మరి గివి నాకు పెట్టరాదా?”

“ఇవి ఎలుకవి. మీ ఒళ్లు ఒప్పుకోదు. ఇప్పట్లో అయ్యే పని కాదు.”

ఆమె కళ్లజోడు పెట్టుకుని లేచింది. “పోనీ తియ్యి. సూసిన గదా,” అంది.

మరుసటి ఏడు గుడ్ ఫ్రైడే నాడు ఆమె ఎప్పటిలాగే సూది వేసుకుని, ఉపవాసమని ఏమీ తినకుండా చర్చికి వెళ్లింది. మధ్యాహ్నం పక్కింటావిడ పరుగున వచ్చింది. “జల్దీ రా! టీచరమ్మ కింద పడ్డది.”

చర్చి వరండాలో చాప మీద పడుకోబెట్టారు. ఎండదెబ్బ అనుకుని విసురుతున్నారు. చీర చెమటతో తడిసిపోయింది. కళ్లు తెరిచే ఉన్నా నన్ను గుర్తుపట్టలేదు. నేను చక్కెర తెమ్మంటే ఒక పెద్దమనిషి అడ్డం వచ్చాడు. “చక్కెర జబ్బు మనిషికి చక్కెరేందమ్మా, సంపుతవా?”

తినకుండా వేసుకున్న సూదితో రక్తంలో చక్కెర పడిపోయిందని వాదించే తీరిక లేదు. పక్కింటావిడ చక్కెర నీళ్లు కలిపి తెచ్చింది. తల ఎత్తి పట్టుకుని, మింగుతోందని చూసుకుంటూ చెంచాతో కొంచెం కొంచెం పోశాను. ఇంతకాలం గాజు పళ్లాల్లో ఇన్సులిన్ కొలిచానే గాని, అది ఎక్కువైన మనిషిని అప్పటిదాకా చూడలేదు. కాసేపటికి ఆమె నా ముఖంలోకి చూసి, “నువ్వేంది ఈడ?” అంది.

సాయంత్రం ఇంట్లో జావ తాగుతూ, “నేను తినలేదు గదా, సూది ఊకుంటదనుకున్న,” అంది.

సూది ఊరుకోదు. కణం ఊరుకుంటుంది. రక్తంలో చక్కెర తగ్గితే ఇన్సులిన్ వదలడం మానేస్తుంది. ఇది పుస్తకాల్లో ఉన్నదే. కానీ ఎలా మానేస్తుందో మేమెవరం అడగలేదు. చక్కెర పోసి ఎంత ఇన్సులిన్ వచ్చిందో కొలిచేవాళ్లం, ఆ తర్వాత చక్కెర తీసేశాక కణాల మీద మిగిలే ద్రవాన్ని సింకులో పారబోసేవాళ్లం. నేను దాన్ని దాచి కొలవడం మొదలుపెట్టాను.

మా పైఅధికారికి నచ్చలేదు. “ఎక్కువ ఇచ్చే కణాలు కావాలి మనకు. ఆగిపోయేవాటితో ఏం పని?” అన్నాడు. కొన్నాళ్లకు ఆయన నన్ను మాత్రల విభాగానికి మార్చబోతే, ఉద్యోగం మానేసి హైదరాబాదులో ఒక చిన్న ప్రయోగశాలకు వెళ్లిపోయాను. చక్కెర తీసేయగానే కణం ఎంత త్వరగా తగ్గుతుందో అక్కడ చూశాం. ఎందుకో కొంతే తెలిసింది. నా తర్వాతి పనంతా దాని మీదే.

టీచరమ్మను చూడటానికి వెళ్లినప్పుడు ఇదంతా చెప్పాను.

“నాకేమన్న పనికొస్తదా?”

“రాదు టీచరమ్మా.”

“నువ్వు అబద్ధమాడవు,” అని నవ్వి, చాయ్ పెట్టడానికి లేచింది. ఆ ఏడు గుడ్ ఫ్రైడేకు పాస్టరుగారికి ముందే చెప్పి, జావ తాగే చర్చికి వెళ్లిందట.