జీపు బానెట్‌కు ఆరో బోల్టు

ఆ సరిహద్దు సైనిక పోస్టుకు నేను చేరింది అక్టోబరులో, పగలు పదకొండు గంటలకు. ఎత్తు పదిహేను వేల అడుగులు. ఒక్క చెట్టు లేదు. గాలి ఆగదు. ట్రక్కు దిగి కొంచెం దూరం నడిచేసరికి ఊపిరి అందక కూర్చుండిపోయాను. నేను డ్రైవర్ని. మాది లక్సెట్టిపేట.

"జర నిమ్మలంగ నడువన్నా. గోదారి గట్టనుకున్నవా ఇది?"

తల ఎత్తితే పోస్టులో బండ్లు బాగుచేసే ఫిట్టర్. నాకంటే చిన్నవాడు. కరీంనగర్ వైపు మరమగ్గాల ఊరు వాళ్లది. అక్కడ మరమగ్గాన్ని సాంచ అంటారు. వాళ్ల బాపు సాంచెలు నడిపేవాడు, చెడిపోతే బాగుచేసేవాడు.

పోస్టు గేటు పక్కన పాత జీపు ఒకటి ఉండేది. మాకు ముందు తరం వాళ్లు నడిపింది. ఇంజన్ ఎప్పుడో పోయింది. గుర్తుగా నిలబెట్టారు. గాలికి దాని బానెట్ రోజంతా కొట్టుకునేది. బానెట్‌ను పట్టి ఉంచే బోల్టులు ఆరు. కొన్నింటికి మరలు అరిగాయి. కొన్ని తుప్పు పట్టి బిగుసుకుపోయాయి. పెద్ద అధికారి వస్తున్నాడని వైర్‌లెస్‌లో కబురు వచ్చింది. ఆరూ మార్చమని సుబేదార్ ఆదేశం.

నాలుగింటిని ఫిట్టర్ డీజిల్ పోసి, సుత్తితో తట్టి తీశాడు. ఐదోదాని మీద పానా జారింది. దాని తల మీద రంపంతో గాడి కోసి స్క్రూడ్రైవర్‌తో తిప్పాడు. ఆరోదాని తల తెగిపోయింది. మిగతా బోల్టు లోపలే ఉండిపోయింది. వాడికి దగ్గు మొదలైంది ఆ రోజే.

మర్నాడు నర్సింగ్ అసిస్టెంట్ వాడి ఛాతీ విన్నాడు. ఊపిరితిత్తుల్లో నీరు చేరుతున్నట్టుంది, మధ్యాహ్నం రెండింటి ట్రక్కులో కిందికి దిగితే మంచిదన్నాడు. ఆ ఎత్తులో దానికి అసలైన మందు కిందికి దిగడమే. ఫిట్టర్ ఒక్క రోజు అడిగాడు. సుబేదార్ జీపు వైపు చూసి, సరే అన్నాడు.

"పో తమ్మీ. గా ఒక్క బోల్టు నేను జూసుకుంట" అన్నాను.

"నీకు తోలుడు దప్ప విప్పుడు ఏం తెలుసే అన్నా?" వాడు నవ్వాడు. నవ్వు దగ్గయింది. "సాంచను ఎవడు విప్పిండో వాడే బిగియ్యాలంటడు మా బాపు. ఇంకోని చెయ్యి పడితే అది మళ్ల సక్కగ నడువదట. రేపు పోత తీ."

రెండింటికి ట్రక్కు వెళ్లిపోయింది. వాడు చేతి డ్రిల్లు పట్టాడు. నాలుగు చుట్లు తిప్పడం, ఆగి ఊపిరి తీసుకోవడం. విరిగిన ముక్క పొడిపొడిగా బయటికి వచ్చింది. కొత్త మర కోసి, కొత్త బోల్టు బిగించాడు. ఆరు తలలనూ బొటనవేలితో నొక్కి చూశాడు.

"అయిపాయె. ఇగ తుపాను వచ్చినా ఊగదు."

సాయంత్రం మంచు మొదలైంది. తెల్లవారేసరికి వాడి పెదవులు నల్లబడ్డాయి. సుబేదార్ వైర్‌లెస్ దగ్గర కూర్చున్నాడు. ఎన్నిసార్లు అడిగినా ఒకటే జవాబు.

"రోడ్డు బంద్. మబ్బు పట్టింది, హెలికాప్టర్ రాదు. ఓవర్."

ఉన్న ఆక్సిజన్ పెట్టాం. బంకర్‌లో వాడి తల నా ఒడిలో ఉంది.

"అన్నా, బానెట్ కొట్టుకుంటాందా?"

"లేదు తమ్మీ."

"మరి గా సప్పుడేంది?"

అది వాడి ఛాతీలోది. గాలి అని చెప్పాను.

మధ్యాహ్నం కాకముందే పోయాడు. మంచు వల్ల అధికారి రాక రద్దయింది. జీపు మంచులో నిలబడి ఉంది. బానెట్ కదల్లేదు.

రోడ్డు తెరిచాక వాడి శవపేటికకు తోడుగా నన్నూ, ఇద్దరు జవాన్లనూ పంపారు. నేను ఇంటివైపు తిరిగి వచ్చింది అలా. వాళ్ల వీధిలో సాంచెలన్నీ ఆపేశారు. వాళ్ల అవ్వ కొడుకు ముఖం చూస్తానంది. పెట్టె మూతకు స్క్రూలున్నాయి. విప్పడానికి మా దగ్గర ఏమీ లేదు. బాపు షెడ్డులోకి వెళ్లి స్క్రూడ్రైవర్ తెచ్చి, తనే విప్పాడు.

అందరూ చూశాక, మూత బిగించడానికి జవాన్లిద్దరూ ముందుకు వచ్చారు. బాపు చెయ్యి అడ్డం పెట్టాడు.

"నేను విప్పిన గదా బిడ్డా. నేనే బిగిస్త."

ఒక్కొక్కటే బిగించాడు. తర్వాత ప్రతి స్క్రూ తలను బొటనవేలితో నొక్కి చూశాడు. ఒకటి కాస్త కదిలినట్టుంది. దాన్ని మళ్లీ బిగించాడు.