మా ఆయన అటు, వాళ్లు ఇటు

మా ఆయన బొగ్గుగనిలో ఎలక్ట్రీషియన్. ఒడిశాలో కొత్తగా తెరిచిన గనికి ఆయన్ని బదిలీ చేసిన నెలలోనే, గోదావరిఖనిలో మా ఇంటి ముందు గది కిరాయికి కావాలంటూ ఒక జంట వచ్చింది. భర్త ఓపెన్‌కాస్టు గనిలో పైమట్టి తీసే కాంట్రాక్టరు దగ్గర డంపర్ డ్రైవర్. ఏ ఊరని అడిగితే వచ్చీరాని తెలుగులో ఒడిశా అని చెప్పి, ఫోన్‌లో మ్యాపు తెరిచి చూపించాడు. వాళ్ల ఊరి నుంచి మా ఆయన పనిచేసే గనికి బస్సులో గంట కూడా పట్టదు.

నాకది వింతగా తోచింది. ఊరి పక్కనే బొగ్గు పెట్టుకుని ఇంత దూరం ఎందుకొచ్చావని అడిగాను. గని కింద భూములు పోయినవాళ్లకే అక్కడ కొలువులట. వీళ్లకు పోవడానికి గుంట భూమి కూడా లేదు. మరి మీ ఆయన్ని అక్కడికెందుకు పంపారని అతను తిరిగి అడిగాడు. అనుభవం ఉన్నవాళ్లు కావాలన్నారట, అంతకు మించి నాకూ తెలియదు.

మా ఆయనకు అక్కడ అన్నం దొరికేది గాని నోటికి పుల్లగా ఏమీ దొరికేది కాదు. ఫోన్ చేస్తే రోజూ అదే మాట. ఒకరోజు అది విన్న డ్రైవర్ భార్య, ఆ గనికి పోయే దారిలోనే తన అక్క భోజనాల హోటల్ నడుపుతోందని చెప్పింది. ఆదివారం ఆయన వెతుక్కుంటూ వెళ్లి అక్కడి నుంచి వీడియోకాల్ చేశాడు. పచ్చిపులుసు ఎట్లా చేయాలో చింతపండు పిసకడం దగ్గర్నుంచి నేను చెబుతుంటే, చెల్లెలు ఒడియాలో అక్కకు అందించింది. పొయ్యి మీద పెట్టనే వద్దంటే అక్క నమ్మలేదు, రెండుసార్లు అడిగింది. నెల తిరిగేసరికి మా ఆయనతో పాటు అక్కడి మనవాళ్లంతా ఆ హోటల్‌కే పోతున్నారు.

అది విన్నాక డ్రైవర్ భార్య ఊరికే కూర్చోలేకపోయింది. తన భర్తతో పనిచేసే డ్రైవర్లు షిఫ్టు దిగి బ్రెడ్డు తిని పడుకుంటున్నారు, వాళ్లకు వండిపెడతానంది. మా వెనక రేకుల షెడ్డులో పొయ్యి పెట్టుకోమన్నాను. కూరగాయలు వేసి వండే వాళ్ల పప్పు వాసన గదులన్నిటా నిండేది. కూరగాయలు తరిగిచ్చేది నేనే.

మొన్న ఎండాకాలం కాంట్రాక్టు అయిపోయి, డంపర్లన్నీ ఛత్తీస్‌గఢ్ దారి పట్టాయి. సామాన్లు సర్దుకుంటారని నేను ఖాళీ అట్టపెట్టెలు తెచ్చాను. ఆమె ఒక్క పెట్టెలో భర్త బట్టలు మాత్రమే సర్దింది.

"నువ్వు పోవా?" అన్నాను.

"ఆయన పని ఆడ ఎన్ని నెలలుంటదో ఎవలకెరుక దీదీ? నా పని ఈడ మంచిగ నడుస్తాంది. నేనుంట."

భర్త కోపంతో రెండు రోజులు షెడ్డు వైపే రాలేదు. రైలుకు వెళ్లే రోజు మాత్రం షెడ్డులోకి పోయి, అయిపోయిన సిలిండర్ తీసి కొత్తది బిగించి బయల్దేరాడు.

కొత్త కాంట్రాక్టరు వెంట ఇప్పుడు బీహార్ వాళ్లు దిగారు. వాళ్లకు రాత్రికి రొట్టెలే కావాలి. వాళ్లలో ఒక పెద్దాయన డ్యూటీ దిగాక షెడ్డులో కూర్చుని ఆమెకు పిండి కలపడం నేర్పుతున్నాడు. మీ ఊళ్లో ఏం పండుతుంది, ఇక్కడికి ఎవరు పిలిస్తే వచ్చారు అని నేను అడుగుతుంటాను. ఆయన హిందీ నాకు సగమే అర్థమవుతుంది. మిగతా సగం ఆమె తెలుగులో చెబుతుంది.