ఉప్పంటిన వేలు

ఎన్నో ఏళ్లుగా ఒక మాట నా గొంతులో ముల్లులా ఉంది. మింగుడు పడదు, బయటికీ రాదు. మీరెవరో నాకు తెలియదు. అందుకే మీకు చెప్పగలుగుతున్నాను.

సుబేదారిలో మట్టి పరీక్ష మీటర్లు చేసే చిన్న షెడ్డులో నాకు పని నేర్పింది స్వరూపక్క. మట్టి పులుపును కొలిచే గాజు కడ్డీ నుంచి వచ్చే సిగ్నల్ చాలా బలహీనం. దాన్ని పెంచే ఆప్ ఆంప్ చిప్ ఆ కడ్డీ నుంచి కరెంటు దాదాపు లాక్కోదు. కానీ చిప్ పిన్ను పక్కన బోర్డు మీద ఉప్పో చెమటో అంటి, దానికి తేమ తగిలితే ఆ కాస్త సిగ్నలూ అటే జారిపోతుంది. "మంచిగ కడుక్కున్న చేతులతోనే ముట్టు చెల్లె, అంచులే పట్టుకో" అని అక్క ఎన్నిసార్లు చెప్పిందో.

ఆ ఎండాకాలం ఉప్పూకారం అద్దిన మామిడికాయ ముక్క తింటూ, వేళ్లు చున్నీకి తుడుచుకుని ఒక బోర్డు పట్టుకున్నాను. లేచి కడుక్కోవడానికి బద్ధకం. ఎండలకు ఉప్పు పొడిగా ఉండి మీటరు పరీక్షలో పాసైపోయింది. వానలు పడగానే నర్సంపేటలో కొన్నవాళ్ల దగ్గర నుంచి తిరిగొచ్చింది. అంకె ఒక్కచోట నిలవడం లేదు.

అక్క మూత తీసి భూతద్దంలో చూసింది. చిప్ పక్కన కారం నలుసు. నేనూ చూశాను. ఆమె స్పిరిట్‌తో తుడిచింది, అంకె నిలిచింది. ఎవరి తప్పని ఓనరు అడిగితే, "నా సోల్డరింగ్ మరకనే సార్" అంది. తిట్టి వదిలేస్తాడనుకుందేమో. పనిలోంచే తీసేశాడు. పక్కనే నిలబడ్డ నేను నోరు మెదపలేదు. కొత్తగా చేరినదాన్ని, భయపడ్డాను అని ఇన్నాళ్లూ నాకు నేనే చెప్పుకున్నాను. భయమేనా? తిన్నింటి వాసాలు లెక్కపెట్టడం కాదా అది?

గేటు దగ్గర "అక్కా" అన్నాను.

"ఫికర్ చెయ్యకు చెల్లె. నాకు ఏడన్న పని దొరుకుతది. నువ్వు జర చేతులు కడుక్కోని ముట్టుకో."

అప్పుడైనా వెనక్కి వెళ్లి నిజం చెప్పొచ్చు. చెప్పలేదు.

ఇవాళ నేను తినే అన్నం ఆమె నేర్పిన పనిదే. బోర్డు ముట్టే ముందు కుళాయి తిప్పినప్పుడల్లా మనసులో ఆమెకు దండం పెట్టుకుంటాను. దండం పెడితే తప్పు పోదని తెలుసు. క్షమించమనీ అడగను. ఆ రోజు ఓనరు ముందు అనాల్సిన మాట ఇక్కడ రాస్తున్నాను.

ఆ మరక నా వేలిది సార్.

రాసేశాను. కాస్త ఊపిరి ఆడుతోంది.