వండూర్‌లో నేను చెప్పిన కథ

తొమ్మిదేళ్ళుగా ఒక అబద్ధాన్ని మోస్తున్నాను. పని జోరులో ఉన్నప్పుడు మరిచిపోయేదాన్ని. రంగత్ బస్సు పక్క నుంచి వెళ్తే చాలు, లోపల కలుక్కుమనేది. మొన్న గురువారం నోరు తెరిచి చెప్పేశాను. అప్పటి నుంచి ఒక చోట కుదురుగా కూర్చోలేకపోతున్నాను. కూర కలుపుతూ కలుపుతూ స్టవ్ ఆపేసి మళ్ళీ ఈ కాగితం దగ్గరికి వస్తున్నాను. మీరెవరో నాకు తెలియదు. అయినా మీకు మొత్తం చెప్పాలి.

నేను పుట్టింది, పెరిగింది, ఇప్పుడు ఉంటున్నది అండమాన్‌లో, పోర్ట్‌బ్లెయిర్ గోల్ ఘర్ పేటలోనే. తాత శ్రీకాకుళం తీరం నుంచి వచ్చాడు. బడిలో నేర్చుకున్నది హిందీ. తెలుగు రాయడం అమ్మ నేర్పింది. నా పని కొంచెం వింతగా ఉంటుంది. ఒకే చోట పనిచేస్తూ కూడా ఒకరినొకరు ఎరగని మనుషుల్ని కలపడం. బడుల నుంచి, ఆఫీసుల నుంచి, హోటళ్ళ నుంచి పిలుస్తారు. నా సంచిలో రెండు కట్టల కార్డులు ఉంటాయి. ఒక కట్టలో బొమ్మలు, అన్నీ నేను తీసిన ఫొటోలే. రెండో కట్టలో ఒక్కో కార్డు మీద ఒక్కో వాక్యం, నేను రాసుకున్నదే. చాప మీద అన్నీ పరిచి, చుట్టూ కూర్చోబెట్టి, ఒక బొమ్మ, ఒక మాట ఏరుకోమంటాను. ఎందుకు ఏరుకున్నారో చెప్పాలి. మిగతావాళ్ళు వినాలి, అంతే. నియమం ఒక్కటే. ఇక్కడ విన్నది ఈ చాప దాటకూడదు. దాన్ని హిందీలో ఒకసారి, తెలుగులో ఒకసారి చెబుతాను.

ఆ గంటసేపు నాకు ఒళ్ళంతా హుషారే. ఏళ్ళ తరబడి పక్కపక్క కుర్చీల్లో కూర్చున్నవాళ్ళు మొదటిసారి ఒకరి ముఖం ఒకరు చూసుకుంటుంటే నా చెవులు వేడెక్కేవి. ఇప్పటికీ అంతే. ఆ హుషారే నాచేత తప్పు చేయించిందని అనుకుంటూ వచ్చాను. నిజమేనా? హుషారు ఒకసారి నోరు జారేలా చేసి ఉండవచ్చు. తర్వాత జరిగినదాన్ని కూడా దాని మీదకు ఎలా నెట్టగలను?

తొమ్మిదేళ్ళ కిందట రంగత్‌లో ఒక బడి టీచర్లతో కూర్చున్నాను. వాళ్ళలో సరోజిని, నిర్మల ఉన్నారు. ఇవి అసలు పేర్లు కావు. ఇద్దరూ ఆంధ్ర నుంచి ఉద్యోగాలకు వచ్చి అప్పటికి ఆరేళ్ళుగా ఒకే క్వార్టర్‌లో కలిసి ఉంటున్నారు. ఒకరి చీరలు ఒకరు కట్టుకునేంత స్నేహం. సరోజిని ఓడ మెట్ల బొమ్మ తీసుకుంది. దానికి జతగా తీసుకున్న మాట, 'ఎక్కని మెట్టు కూడా గుర్తుంటుంది.'

 ఆ బొమ్మే ఎందుకో మెల్లగా చెప్పింది. ఆ ఏడాదే వాళ్ళమ్మకు జబ్బు ముదిరింది. మనుషుల్ని గుర్తుపట్టడం మానేసింది. అన్నయ్య వెంటనే రమ్మన్నాడు. వైజాగ్ ఓడకు టికెట్ దొరికింది. టికెట్ పట్టుకుని, పెట్టెతో జెట్టీ దాకా వెళ్ళింది. అమ్మ తనను చూసి ఎవరు నువ్వు అంటుందేమోనన్న భయంతో మెట్ల దగ్గర నుంచే వెనక్కి వచ్చేసింది. అన్నయ్యకు మాత్రం టికెట్ దొరకలేదని చెప్పింది. ఆ ఓడ వైజాగ్ చేరేలోపే అమ్మ పోయింది. నిర్మలకు కూడా ఈ సంగతి అప్పుడే తెలిసింది. లేచి వెళ్ళి సరోజిని పక్కన కూర్చుని చేయి పట్టుకుంది. చుట్టూ ఉన్న పద్నాలుగు మందీ కదల్లేదు. నా కార్డులు ఇంత పని చేయగలవా అని నేను పొంగిపోయాను. అవును, ఆమె ఏడుస్తుంటే నేను నా కార్డుల గురించి పొంగిపోయాను.

మూడు వారాల తర్వాత వండూర్‌లో ఒక హోటల్ స్టాఫ్‌తో కూర్చున్నాను. ఎవరూ నోరు విప్పడం లేదు. ఒకరు బొమ్మ బాగుందన్నారు, ఇంకొకరు రంగు బాగుందన్నారు. నాకు అసహనం వచ్చింది. ఒక్క ఉదాహరణ చెబితే కదులుతారని అనిపించింది. రంగత్‌లో ఒక తెలుగు టీచరమ్మ అంటూ మొదలుపెట్టాను. పేరు చెప్పలేదు కదా, ఇంకేమిటి అనుకున్నాను. చెబుతున్నకొద్దీ వాళ్ళ కళ్ళు నా మీద నిలిచాయి. నా గొంతు ఇంకా బాగా పలికింది. జెట్టీ, పెట్టె, చేతిలో టికెట్, ఏదీ వదల్లేదు. అది అయ్యాక అందరూ మాట్లాడారు. చప్పట్లు కూడా కొట్టారు.

వాళ్ళలో ఒకామె భర్తది సరోజిని అన్నయ్య ఉండే ఊరేనని, కథ ఆ దారినే అక్కడికి చేరిందని నాకు తర్వాత తెలిసింది.

ఇంకో నెలకు సరోజిని ఏదో ఆఫీసు పని మీద పోర్ట్‌బ్లెయిర్ వచ్చింది. గోల్ ఘర్‌లో జిరాక్స్ షాపులో కొత్త కార్డులకు లామినేషన్ చేయిస్తుంటే నన్ను వెతుక్కుంటూ అక్కడికి వచ్చింది. అన్నయ్య ఫోన్ చేశాడట. టికెట్ దొరికిందట కదా అని ఒక్క మాట అడిగాడట. ఆమె అవునంది. అంతే, ఆ రోజు నుంచి అన్నయ్య ఆమె ఫోన్ ఎత్తడం లేదు.

"దీదీ, సచ్ చెప్పండి," అంది. "మీరు ఎవరితోనైనా అన్నారా?"

వండూర్ అప్పుడే గుర్తుకొచ్చింది. ఒక్క క్షణం కూడా పట్టలేదు నాకు.

"లేదమ్మా. చాప మీద మాట నేను బయట ఎందుకు అంటాను?"

"అయితే నిర్మలే చెప్పీసుంటాది. మా అన్నయ్య ఇంటికి ఎల్లింది అదొక్కతే."

అప్పుడైనా చెప్పవచ్చు. నిర్మల కాదు అంటే చాలు. నేను మాత్రం తల దించుకుని వేడివేడి కార్డులు లెక్కపెట్టుకున్నాను. ఎందుకు ఊరుకున్నాను? నన్ను ఇక ఎవరూ పిలవరన్న భయమా? నా మాట మీద నమ్మకంతో ఇంత దూరం వచ్చిన మనిషి ముందు చిన్నబోలేకనా? రెండూ నిజమే. ఇంకొకటి కూడా ఉంది, అది రాయడానికి సిగ్గుగా ఉంది. నిర్మల పేరు వినగానే నాకు హాయిగా ఊపిరి ఆడింది.

నిర్మల తాను కాదని చెప్పిందట. సరోజిని నమ్మలేదు. ఆరు నెలలు ఒకే ఇంట్లో మాటలు లేకుండా ఉండి, నిర్మల డిగ్లీపూర్‌కు బదిలీ పెట్టుకుని వెళ్ళిపోయింది. నేను ఊరూరా తిరుగుతూ, నమ్మకం గురించి మాట్లాడుతూనే ఉన్నాను.

మొన్న గురువారం ఇక్కడే, కొత్త టీచర్లతో కూర్చున్నాను. ఒకమ్మాయి నవ్వుతూ, దీదీ, మీరు ఎప్పుడూ కార్డు తియ్యరా అంది. చేతికి దొరికింది తీశాను. రోడ్డు దాటుతున్న ఎండ్రకాయ. దాని మీద ఏదో సరదాగా చెప్పబోయాను. నోట్లోంచి వేరే మాట వచ్చింది. ఒకరు నమ్మి చెప్పిన రహస్యాన్ని ఉదాహరణగా వాడుకున్నాను, ఆ నింద ఇంకొకరి మీద పడుతుంటే ఊరుకున్నాను, అన్నాను. ఆమె సంగతి ఏమిటో చెప్పలేదు, అది నాది కాదు గనక. మధ్యలో ఆగలేదు. ఎవరూ చప్పట్లు కొట్టలేదు. అదే నాకు బలం ఇచ్చింది.

ఆ మధ్యాహ్నమే సరోజినికి ఫోన్ చేశాను. అంతా విన్నది. వండూర్‌లో ఎంతమంది ఉన్నారని అడిగింది. ఇరవై మంది దాకా అన్నాను.  నేను క్షమించమని అడగలేదు, ఆమె ఆ మాట ఎత్తలేదు. ఇది రాయాలనుకుంటున్నానని చెప్పాను. తన అన్నయ్యకు తెలిశాక ఇక దాచేదేమీ లేదనీ, రాస్తే అంతా రాయమనీ అంది. అన్నిటికన్నా ముఖ్యంగా నిర్మల కాదని రాయమని, ఫోన్ పెట్టేసింది.

తర్వాత నిర్మలకు చేశాను. వెనక బడి గంట వినిపిస్తోంది. సరోజినికి చెప్పారా అని అడిగింది. చెప్పానన్నాను. క్లాసుంది అని పెట్టేసింది. వాళ్ళిద్దరూ మాట్లాడుకున్నారో లేదో నాకు తెలియదు. అడిగే ముఖం నాకు లేదు.

అయినా ఒళ్ళు తేలికగా ఉంది. ఈ హుషారు నాకు తగునా అని కూడా అడుగుతున్నాను, అడుగుతూనే రాస్తున్నాను. ఆమె రాయమన్న మాట ఇదిగో. నిర్మల కాదు. నిర్మల ఎవరితోనూ ఏమీ అనలేదు. చెప్పింది నేను.