సాయంత్రం అప్పజెప్పని బిడ్డ

మెట్ల కింది గదిలో ఉండే ఆవిడను ఆ భవనంలో చిన్నాపెద్దా అందరూ పిన్ని అనే పిలిచేవారు. భర్త పోయాక జాకెట్లు కుడుతూ ఒక్కగానొక్క కూతుర్ని పెంచి పెళ్లి చేసింది. పై అంతస్తుల ఆడవాళ్లకు ఏ ఆస్పత్రి పనో బ్యాంకు పనో పడితే పిల్లల్ని ఆమె గదిలో దింపేసేవారు.

"పిన్నీ, కాస్త కనిపెట్టుకుని ఉండు. ఇలా వెళ్లి అలా వచ్చేస్తా."

ఇలా వెళ్లినవాళ్లు పొద్దు వాలితే గానీ అలా వచ్చేవారు కాదు. అయినా పిన్నికి విసుగు లేదు. మిషను కింద పడ్డ గుడ్డముక్కలు ఏరే పని ఒకడికీ, వాటిని రంగుల వారీగా పేర్చే పని ఇంకొకడికీ అప్పగించేది. "కొట్టుకున్నారో, ఇద్దర్నీ కలిపి ఒకే చొక్కాలో కుట్టేస్తా" అని బెదిరిస్తే వాళ్లు పొట్ట పట్టుకుని నవ్వేవారు. తల్లి రాగానే ముక్కు తుడిచి, చెప్పులు తొడిగి అప్పజెప్పేసేది. ఆ పిల్లాడు రాత్రి నిద్రపోయాడా, దగ్గు తగ్గిందా అన్న బెంగ ఆమె గుమ్మం దాటి లోపలికి వచ్చేది కాదు.

నాలుగో అంతస్తు లాయరమ్మకు కొడుకు పుట్టాడు. మళ్లీ కోర్టుకు వెళ్లాల్సిన రోజులు దగ్గరపడేసరికి ఆవిడే స్వయంగా కిందికి దిగివచ్చింది.

"మా ఇంట్లోనే ఉండిపోండి పిన్నిగారూ. వాణ్ణి మీ చేతుల్లో పెట్టి వెళ్తే నాకు నిశ్చింత."

"పిల్లల్ని చూడటం నాకేమన్నా కొత్తా అమ్మా?" అంది పిన్ని.

కొత్తేనని తొందరలోనే తెలిసొచ్చింది. ఇక్కడ అప్పజెప్పడమన్నది లేదు. టీకా వేయించిన రోజు తొడ వాచి బుడ్డోడు గుక్కపట్టి ఏడిస్తే భుజాన వేసుకుని హాలంతా తిరగడం, పళ్లొచ్చేటప్పటి విరేచనాలు, ఎప్పుడు కోప్పడాలి, ఎప్పుడు చూసీచూడనట్టు ఊరుకోవాలి, అన్నీ ఆమె నెత్తినే. లాయరమ్మ చెడ్డది కాదు. అలిసిపోయి వచ్చేది, అంతే. పిన్ని చెవితమ్మె పట్టుకుంటే గానీ వాడికి నిద్ర పట్టేది కాదు. కింద గదిలో కుట్టుమిషను మీద దుమ్ము పేరుకుంది.

పక్క ఊళ్లో కూతురికి నెలలు నిండాయి.

"అమ్మా, ముందుగానే వచ్చెయ్యవే. నాకు భయంగా ఉంది" అంది ఫోనులో.

"వాడికి ఒళ్లు కాలిపోతోందే తల్లీ. కాస్త తగ్గగానే బయల్దేరతా."

"వాడికి అమ్మ ఉందిగా?"

పిన్ని ఫోను పక్కన పెట్టి వాడి నుదురు తడిమి చూసింది.

ఆమె వెళ్లేసరికి కాన్పు అయిపోయింది. మనవరాలిని ఒళ్లోకి తీసుకుని కళ్లారా చూసుకుందో లేదో, లాయరమ్మ దగ్గర్నుంచి ఫోను. వాడు ముద్ద ముట్టడం లేదట. పిన్ని సంచి సర్దుకుంటుంటే కూతురు గోడవైపు తిరిగి పడుకుంది.

"వెళ్లమ్మా. పని కదా." ఆ గొంతులో కోపం కూడా లేదు.

బుడ్డోడు స్కూల్లో చేరాడు. "ఇక పూర్తిగా ఉండక్కర్లేదు పిన్నిగారూ. మేం బయటికి వెళ్లినప్పుడు ఓ గంటా రెండు గంటలు చూద్దురుగాని" అంటూ లాయరమ్మ కళ్లనీళ్లు పెట్టుకుంది. పిన్ని తన సంచితో మెట్లు దిగింది.

అలా పిలిచిన ఒక సాయంత్రం వాడికి జ్వరం తగిలింది. పిన్ని నుదుటి మీద తడిగుడ్డ వేసి కూర్చుంది. ఇంతలో లాయరమ్మా, భర్తా వచ్చేశారు.

"మేం చూసుకుంటాంలెండి, మీరు వెళ్లండి."

"పిన్నీ, వెళ్లొద్దు!" వాడు కొంగు గుప్పిట్లో బిగించాడు. తండ్రి ఒక్కొక్క వేలూ విడదీశాడు. ఆ ఏడుపు నాలుగంతస్తులూ ఆమె వెంట దిగింది. మర్నాడు పైకి వెళ్లి ఎలా ఉందో అడగాలనుకుంది. ఏ వరసతో వెళ్లి అడుగుతుంది? పోనుపోను వాడూ మరిచాడు. మెట్ల మీద ఎదురైతే బంతి ఎగరేసుకుంటూ పక్కనుంచి పరిగెత్తేవాడు.

ఇక కూతురి దగ్గరే ఉండిపోదామని గదికి తాళం వేసి వెళ్లింది. వియ్యపురాలు కుర్చీ వేసి, టీ ఇచ్చి మర్యాద చేసింది. మనవరాలు నానమ్మ వెనక నక్కి తొంగిచూసింది. పిన్ని చేతులు చాపేసరికి కెవ్వుమంది.

"కొత్త కదండీ" అని సర్దిచెప్పింది వియ్యపురాలు.

పిన్ని లేచి వంటింట్లో గిన్నెలు తోమబోతే కూతురు అడ్డుపడింది. "నువ్వు కూర్చోమ్మా. ఎల్లుండి వెళ్లిపోయేదానివి, నీకెందుకివన్నీ?"

వెళ్తానని పిన్ని ఎప్పుడూ అనలేదు. ఆ ఎల్లుండే బయల్దేరింది.

సూదిలో దారం ఎక్కించే చూపు పోయింది. పిల్లల్ని పట్టుకుని ఎవరైనా తలుపు తడితే "ఒంట్లో బాగాలేదమ్మా" అనేది. కొన్నాళ్లకు తట్టడం మానేశారు. వీధి చివరి హోటల్లో గిన్నెలు కడిగే పనికి కుదిరింది.

"పిల్లల్ని బాగా చూస్తావటగా అక్కా, ఎవరింట్లోనైనా చేరకపోయావా? ఎందుకీ చాకిరీ?" అంది తొట్టి దగ్గర పక్కన కూర్చునే మనిషి.

"ఇవైతే తోమి బోర్లిస్తే అయిపోతుంది" అంది పిన్ని.

ఆమెకేం అర్థమైందో, తలూపి తన వాటా గిన్నెలు ముందుకు లాక్కుంది.